ఇంటి జాగా – హక్కు వేరు, అనుమతి వేరు



ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాసి ఇవ్వవలసిందని మన కార్యదర్శిగారు అడిగినప్పుడు, పాత సర్వీసు ముచ్చట్లు నాలుగు వ్రాసి పంపుదామనుకున్నాను. కాని ఈ మధ్య మన నెలవారీ సమావేశాలలో డి.ఏ. బకాయిల తరువాత ఎక్కువగా వినబడుతున్నది ప్లాట్ల మాటే. గ్రాట్యుటీ, కమ్యుటేషన్ సొమ్ము చేతికి వచ్చినవారు కొందరు, పిల్లలు పంపిన డబ్బు ఎక్కడ పెట్టాలా అని ఆలోచిస్తున్నవారు కొందరు. నర్సాపూర్ రోడ్డు మీద దుండిగల్ దాటి బొంతపల్లి కమాను దాకా పోతే దారి పొడుగునా ప్లాట్ల బోర్డులే. మొన్నటి సమావేశంలో ఒక మిత్రుడు నన్ను పక్కకు పిలిచి, "రిజిస్ట్రేషన్ అయితదట, ఇ.సి. కూడా సాఫ్‌గా ఉన్నది, తీసుకోమంటవా?" అని అడిగాడు. ముప్పై ఏళ్ల క్రిందట నన్ను నేను సమాధానపరచుకున్న మాటలు కూడా ఆ రెండే. ఆయనకు అక్కడికక్కడ జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసమే ఆ జవాబు.

ఫైళ్లు చూసినవాడి సంగతి

నేను 1971లో ఎల్.డి.సి.గా చేరి, 2007లో సీనియర్ అసిస్టెంటుగా రిటైరయ్యాను. చాలాకాలం సంగారెడ్డిలో ఒక జిల్లా కార్యాలయంలో ఎస్టాబ్లిష్‌మెంటు సెక్షన్ చూశాను. ఇండ్లు కట్టుకొనే ఉద్యోగుల హౌస్ బిల్డింగ్ అడ్వాన్సు ఫైళ్లు నా టేబులు మీదుగానే పోయేవి. స్థలం దస్తావేజు, ఇ.సి., న్యాయవాది అభిప్రాయం, మంజూరైన ప్లాను, అంచనా వ్యయం – ఇన్ని కాగితాలు ఉండాలి. ఒక్కటి తక్కువైనా నోట్ వ్రాసి ఫైలు వాపసు పంపేవాణ్ణి. నన్ను తిట్టుకున్న సహోద్యోగులు ఉన్నారు. వారిలో ఒకరిద్దరు ఈ సంచిక చదువుతూ ఉండవచ్చు.

అటువంటి నేను 1994 మే నెలలో 200 గజాల ప్లాటు కొన్నాను. బొంతపల్లికి అంత దూరం కాదు. ఊరి పేరు, మనుషుల పేర్లు ఇక్కడ వ్రాయను. గజం 140 రూపాయల చొప్పున 28,000. అడ్వాన్సుకు పెడితే ఇన్ని కాగితాలు తేవాలి, ఆలస్యమవుతుంది, ఈలోగా బేరం పోతుందని జి.పి.ఎఫ్. పార్ట్ ఫైనల్ తీసుకున్నాను. చాలకపోతే నా భార్య తన రెండు గాజులు తీసి ఇచ్చింది.

పట్టాదారు అసలైనవాడే. ఇ.సి.లో ఏ తాకట్టూ లేదు. సర్పంచి సంతకంతో లేఅవుటు నక్షా ఒకటి చూపించారు. రిజిస్ట్రేషన్ ఒక్క పూటలో అయిపోయింది. మా ఆవిడ ఆ జాగాలో నిలబడి, "తులసికోట ఈడ, మామిడి చెట్టు ఆడ" అని చోట్లు కూడా చూపించింది.

ప్రభుత్వం తన డబ్బు అప్పిచ్చేటప్పుడు ఇన్ని కాగితాలు ఎందుకు అడుగుతుందో ఇరవై ఏళ్లు చూసినవాణ్ణి, నా సొంత డబ్బు పెట్టేటప్పుడు రెండే కాగితాలు చూశాను. జరిగింది చెప్పేముందు ఆ కాగితాల వెనుక ఉన్న చరిత్ర కొంత చెప్పాలి. అది తెలియనిదే నా తప్పు ఏమిటో అర్థం కాదు.

ఈ నేల కాగితాలు

మన ప్రాంతంలో భూమి కాగితాలన్నీ ఒక్క కాలంలో, ఒక్క పని కోసం పుట్టినవి కావు. నిజాం కాలంలో మొదటి సాలార్‌జంగు దివానుగా ఉండగా సర్వే, బందోబస్తు మొదలైనాయి. ప్రతి చెలకకు, ప్రతి మడికి సర్వే నంబరు, విస్తీర్ణం, శిస్తు వ్రాసిన మూల రికార్డు సేత్వార్. 1317 ఫసలీలో, అంటే 1907లో, హైదరాబాదు భూమి శిస్తు చట్టం వచ్చింది. 1949లో జాగీర్లు రద్దయినాయి. 1954–55లో ఊరూరా తిరిగి ఎవరి కబ్జాలో ఎంత భూమి ఉన్నదో వ్రాసినది ఖాస్రా పహాణీ. ఈనాటికీ కోర్టులో భూమి తగాదా వస్తే వకీలు ముందుగా అడిగే కాగితం అదే.

ఈ రికార్డులన్నీ అడిగే ప్రశ్న ఒక్కటే: భూమి ఎవరిది, శిస్తు ఎవరు కట్టాలి? ఆ భూమి మీద ఏమి చేయవచ్చు అనే ప్రశ్న వాటికి లేదు. ఆ రోజులలో అక్కర కూడా లేదు. పొలంలో పంట పండించేవారు, గ్రామకంఠంలో ఇల్లు కట్టుకునేవారు. ఏది ఎక్కడో ఊరందరికీ తెలుసు.

అయినా ఆ పాత రికార్డులలో మనకు పనికివచ్చే మాటలు ఉన్నాయి. గైరాన్ అంటే పశువుల మేత భూమి. పోరంబోకు, సర్కారీ సంగతి మనకు తెలిసిందే. ఇక శిఖం అంటే చెరువు నీరు నిలిచే భూమి. శిఖం అంతా సర్కారుది కాదు. కొన్నిచోట్ల రైతు పట్టా భూమిలోకే చెరువు నీరు వచ్చి నిలుస్తుంది. నీరు తగ్గినప్పుడు అతడు దున్ని పంట తీసుకోవచ్చు. దీనిని పట్టా శిఖం అంటారు. పట్టా నిజమైనదే, శిస్తు కట్టినదీ నిజమే. కాని దానిని మట్టితో నింపడానికి గాని, ఇల్లు కట్టడానికి గాని వీలులేదు. ఈ మాట పాఠకులు గుర్తుంచుకోవాలి.

ఇండ్లకు నియమాలు

ఇల్లు ఎక్కడ కట్టాలి, ఎట్లా కట్టాలి అనే ప్రశ్న మన దగ్గర నీళ్ల వలన, రోగాల వలన పుట్టింది. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచెత్తింది. వేలమంది చనిపోయారు. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి సలహా తీసుకున్నారు. ఆ తరువాత ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. 1912లో నగరాభివృద్ధికి సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. అటు మద్రాసు రాష్ట్రంలో 1920లో పట్టణ ప్రణాళిక చట్టం వచ్చింది. అమెరికాలో న్యూయార్కు నగరం 1916లోనే ఇండ్లకు, వ్యాపారానికి వేరువేరు మండలాలు గీసింది. ఫ్యాక్టరీ పొగ పడకగదిలోకి రాకూడదన్నది ఆ ఆలోచనలో ఒక భాగం.

మన హైదరాబాదుకు 1975లో పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం క్రింద హుడా ఏర్పడింది. ఆ కాలంలోనే మన చుట్టుపక్కల రూపు మారింది. రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్., పటాన్‌చెరులో 1972లో ఇక్రిశాట్ వచ్చాయి. 1973లో ఏర్పడిన పారిశ్రామిక మౌలిక వసతుల సంస్థ భూములు తీసుకొని ఎస్టేట్లు వేసింది. పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, ఖాజీపల్లి, గడ్డపోతారం, ఆ వరుసలోనే బొంతపల్లి. అంతకు ముందు బొంతపల్లి అంటే వీరభద్రస్వామి గుడి. జాతరకు ఎడ్లబండ్లు కట్టుకొని పోయేవారు. తరువాత షిఫ్టు బస్సులు వచ్చాయి, మందుల కంపెనీలు వచ్చాయి, వాటి వెనుకనే అద్దె గదులు, ప్లాట్లు వచ్చాయి.

వీటితోపాటు నీళ్ల రంగు కూడా మారింది. నక్కవాగులో, ఇస్కవాగులో పారిన రసాయనాల గురించి 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది. కోర్టు జిల్లా న్యాయమూర్తి చేత విచారణ చేయించి, పంటలు పోయిన రైతులకు నష్టపరిహారం ఇప్పించింది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో తీవ్రంగా కలుషితమైన ప్రాంతాల జాబితా వేస్తే, అందులో పటాన్‌చెరు–బొల్లారం ఉన్నది. ఇంత జరుగుతున్నా నేను ప్లాటు చూడబోయినప్పుడు బోరు నీళ్లు ఎట్లా ఉంటాయని కూడా అడగలేదు.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి ఉన్నది. 1994లో బొంతపల్లి వైపు గ్రామాలు హుడాలో లేవు. అందుచేత, "ఇది పంచాయతీ, ఇక్కడ రూల్స్ ఏం లేవు సారు" అనేవారు. రూల్స్ లేక కాదు. లేఅవుటుకు పట్టణ ప్రణాళికా శాఖ సాంకేతిక ఆమోదం ఉండాలని, రోడ్లకు, పార్కుకు జాగా వదలాలని 2002 నాటి పంచాయతీ లేఅవుటు నియమాలు స్పష్టంగానే చెప్పాయి. అయినా ఆ తరువాత కూడా సర్పంచి సంతకం చూపించి అమ్మినవారు అమ్మారు, కొన్నవారు కొన్నారు. రిజిస్ట్రేషన్ కార్యాలయం దస్తావేజును నమోదు చేస్తుంది, స్టాంపు డ్యూటీ తీసుకుంటుంది. ఆ జాగాలో ఇల్లు కట్టవచ్చునా అని చూడడం దాని పని కాదు. అనుమతి లేని లేఅవుట్ల ప్లాట్లకు రిజిస్ట్రేషన్ ఆపమని మన రాష్ట్రంలో ఆదేశం వచ్చింది 2020 ఆగస్టు 26న. అంతవరకు నమోదైన లక్షల ప్లాట్లలో నాది ఒకటి.

నీళ్లు వచ్చిన రోజు

కొన్న తరువాత ఆరేళ్లు ఆ ప్లాటుకు ఏడాదికి ఒకసారి పోయేవాణ్ణి. అది కూడా ఎండాకాలం సెలవులలోనే. హద్దురాళ్లు చూసుకొని వచ్చేవాణ్ణి.

2000 ఆగస్టు 24న హైదరాబాదులో 24 సెంటీమీటర్ల వాన కురిసింది. పెద్దలందరికీ ఆ రోజు గుర్తుండే ఉంటుంది. మా వైపు కూడా వానలు బాగా పడ్డాయి. నాలుగు రోజుల తరువాత మనసు ఆగక బస్సెక్కి పోయాను. నా ప్లాటు లేదు. నీళ్లు ఉన్నాయి. ఒక హద్దురాయి కొన మాత్రం కనబడుతోంది. దాని మీద కొంగ వాలి ఉన్నది.

కట్ట మీద ఒక ముసలాయన గొడ్డళ్లు, పారలు పట్టుకున్న ఇద్దరు కుర్రవాళ్లతో తూము దగ్గర పని చేయిస్తున్నాడు. ఆ ఊరి నీరటి. నేను నా సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు.

"సారూ, ఎండకాలం జూసి కొన్నవా?"

"అవును."

"గిది చెర్వు కడుపు. నిండినప్పుడు అగో, ఆ తుమ్మ చెట్టు దాంక వస్తయి నీళ్లు. మా అయ్య జమానల గూడ గంతే. నన్ను ఒక్క మాట అడిగితే చెప్పకపోదునా?"

నేను రిజిస్ట్రేషన్ కార్యాలయంలో అడిగాను, పట్టాదారును అడిగాను. ఊరి నీరటిని అడగాలన్న ఆలోచన నాకు రాలేదు. ఆయనకు జీతం కాగితం మీద ఎంత ఉండేదో మన శాఖవారికి తెలుసు. కాని ఆ ఊళ్లో నీటి హద్దు తెలిసిన అధికారి ఆయనే.

ఇంటికి వచ్చి మా ఆవిడకు చెప్పలేదు. "నీళ్లు బాగున్నయి" అని మాత్రం అన్నాను. ఆమె సంతోషించింది. బోరులో అనుకున్నది.

2007లో రిటైరయ్యాక గ్రాట్యుటీ చేతికి వచ్చింది. బేస్‌మెంటు నాలుగు అడుగులు లేపి కట్టుకుంటే సరిపోతుందని ఆశపడ్డాను. పంచాయతీ కార్యదర్శి మంచివాడు. "సార్, ముందుగా నీటిపారుదల శాఖ నుంచి ఎన్.ఓ.సి. తెండి" అన్నాడు. అక్కడ యువ ఇంజనీరు ఒకాయన నక్షా పరచి, పూర్తి నీటిమట్టం గీత మీద వేలు పెట్టి చూపించాడు. దానినే ఎఫ్.టి.ఎల్. అంటారు. నా ప్లాటు గీతకు లోపల ఉన్నది. సర్వే నంబరు ఎదురుగా పాత రికార్డులో పట్టా శిఖం అని ఉన్నది. "భూమి మీదే సార్, కాదనేవారు ఎవరూ లేరు. నీళ్లు తగ్గితే జొన్న వేసుకోండి. ఇల్లు మాత్రం కుదరదు" అన్నాడు.

ఆ రోజు నాకు తెలిసిన సత్యమే ఈ వ్యాసం పేరు. హక్కు వేరు, అనుమతి వేరు. నా హక్కులో లోపం లేదు. నాకు ఎవరూ దొంగ పట్టా అమ్మలేదు. ఇల్లు కట్టరాని భూమిని చట్టబద్ధంగా కొనుక్కున్నాను, అంతే.

ఆ రాత్రి మా ఆవిడకు ఏడేళ్ల సంగతి చెప్పాను. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "గాజులు పోతే పోయినయి, ముందుగాల చెప్పకపోతిరి" అన్నది. నష్టం కన్నా ఆ మాట నాకు ఎక్కువ బాధ పెట్టింది.

క్రమబద్ధీకరణ ఆశ

2008 ఆగస్టులో హుడా తదితర సంస్థలను కలిపి హెచ్.ఎం.డి.ఏ. ఏర్పాటు చేశారు. అప్పట్లో దాని పరిధి సుమారు 7,257 చదరపు కిలోమీటర్లు ఉండేది. అప్పటి జిన్నారం మండలం కూడా అందులోకి వచ్చింది. 2013 జనవరిలో 2031 సంవత్సరం వరకు మెట్రోపాలిటన్ ప్రణాళిక అమలులోకి వచ్చింది. దానితో ప్రతి సర్వే నంబరుకు ఒక రంగు పడింది. నివాసానికి ఒక రంగు, పరిశ్రమలకు ఒక రంగు, వ్యవసాయాన్ని కాపాడే కన్సర్వేషన్ మండలానికి ఒక రంగు. భూమి అదే, యజమాని అతడే. రంగును బట్టి దానిపై చేయదగిన పని మారిపోయింది.

చెరువుల సంగతి 2012 ఏప్రిల్ 7 నాటి జి.ఓ. 168 తేటగా చెప్పింది. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు పూర్తి నీటిమట్టం గీత నుంచి 30 మీటర్లు, అంతకంటె చిన్నదానికి 9 మీటర్లు వదలాలి. పది మీటర్ల కంటె వెడల్పు ఉన్న వాగు, నాలాలకు 9 మీటర్లు, చిన్న నాలాకు 2 మీటర్లు వదలాలి. దీనినే బఫర్ జోన్ అంటున్నారు. గీత అవతల ఉన్నాం కదా అని ధైర్యపడేవారు ఈ బఫర్‌ను మరచిపోతారు.

అనుమతి లేని ప్లాట్లకు డబ్బు కట్టించుకొని క్రమబద్ధం చేసే పథకం మొదట 2007 డిసెంబరు 31న జి.ఓ. 902తో వచ్చింది. తెలంగాణ ఏర్పడ్డాక 2015 నవంబరులో జి.ఓ. 151, 2020 ఆగస్టు 31న జి.ఓ. 131 వచ్చాయి. 2020 పథకానికి వేయి రూపాయలు కట్టి దరఖాస్తు చేసినవారు సుమారు 25 లక్షలు. ఏళ్ల తరబడి ఆ దరఖాస్తులు నిలిచిపోయి, 2025లో 25 శాతం రాయితీతో మళ్లీ కదిలాయి. ఇవి మంచి పథకాలు కావని అనను. రోడ్డు వెడల్పు తక్కువైన ప్లాటుకు, పార్కు జాగా వదలని లేఅవుటుకు ఇవి దారి చూపించాయి. పార్కు వదలనందుకు ప్లాటు విలువలో 14 శాతం కట్టవలసి వచ్చింది. అమ్మినవాడు మిగుల్చుకున్నది కొన్నవాడు కట్టాడన్నమాట. కాని చెరువులోని ప్లాటును ఏ పథకమూ ఒడ్డుకు చేర్చలేదు. 2015లో నేనూ దరఖాస్తు పెట్టాను. తిరస్కరించారు. వారి తప్పు లేదు.

'ఇక్కడ 111 లేదు'

నాకు ఒక్కతే అమ్మాయి. 2018లో మా అల్లుడు బొంతపల్లి వైపే ఒక ప్లాటు చూసి వచ్చాడు. "మామయ్యా, ఇక్కడ 111 జి.ఓ. లేదట, నిశ్చింతగా తీసుకోవచ్చన్నారు" అన్నాడు. ఆ మాట నిజమే. 1996 మార్చి 8 నాటి జి.ఓ. 111 ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ పరీవాహక ప్రాంతంలోని 84 గ్రామాలకు సంబంధించినది. బొంతపల్లి అందులో లేదు. 2022 ఏప్రిల్‌లో జి.ఓ. 69 ద్వారా ఆ ఆంక్షలు సడలించారు.

అయితే ఆ 111 చరిత్రలో మనకు పాఠం ఒకటున్నది. 1995లో ఆముదం నూనె నుంచి పదార్థాలు తయారుచేసే సంస్థ ఒకటి హిమాయత్‌సాగర్‌కు ఎగువన శంషాబాదు మండలంలో 12 ఎకరాలు కొన్నది. కొన్న తరువాత అనుమతులకు పోయింది. కాలుష్య నియంత్రణ మండలి కాదన్నది. ప్రభుత్వం మినహాయింపు ఇవ్వజూసింది. తగాదా సుప్రీంకోర్టు దాకా పోయి, 2000 డిసెంబరులో ఆ సంస్థకు వ్యతిరేకంగానే ముగిసింది. వకీళ్లు, ఇంజనీర్లు అందుబాటులో ఉన్న పరిశ్రమవారే ముందు కొని తరువాత అడిగారు. మనబోటివారి సంగతి చెప్పనేల?

ఒక జి.ఓ. వర్తించదంటే అన్ని నియమాలూ లేవని కాదు. ఈసారి నేను అల్లుణ్ణి వెంటబెట్టుకొని బయలుదేరాను. తహశీలు కార్యాలయంలో పహాణీలు చూశాం. శిఖం కాదు, అసైన్డు కాదు. నాకు ప్రాణం లేచివచ్చింది. తరువాత హెచ్.ఎం.డి.ఏ.లో సర్వే నంబరు ఇచ్చి భూవినియోగ ధ్రువపత్రానికి దరఖాస్తు చేశాం. వచ్చిన కాగితంలో 'మాన్యుఫాక్చరింగ్ జోన్' అని ఉన్నది. అంటే పరిశ్రమలకు కేటాయించిన భూమి.

వద్దన్నాను. అల్లుడు ఒప్పుకున్నా అమ్మాయి ఒప్పుకోలేదు. "నీకు ఒకసారి దెబ్బ తగిలిందని మమ్మల్ని గూడ కొననియ్యవా నాయనా?" అన్నది. రెండు నెలలు సరిగా మాట్లాడలేదు. పైగా ఆ ప్లాట్ల ధరలు పెరిగాయి. ఇల్లు కట్టుకున్నవారూ ఉన్నారు. పండుగకు కలిసినప్పుడల్లా ఆ మాట వచ్చేది. మా ఆవిడ మాత్రం నా పక్షాన నిలబడింది. 2019లో ఆమె కాలం చేసింది.

2025 జూన్ 30న పాశమైలారంలో ఒక కర్మాగారంలో పేలుడు జరిగి నలభైమందికి పైగా కార్మికులు చనిపోయారు. టీవీలో ఆ దృశ్యాలు చూస్తూ మా అమ్మాయి నా పక్కన వచ్చి కూర్చున్నది. ఏమీ అనలేదు. పరిశ్రమల మండలానికి, నివాసానికి మధ్య గీత ఎందుకు గీస్తారో ఆ రోజు ఎవరికీ వివరించవలసిన పని లేకపోయింది.

అడగవలసిన ప్రశ్నలు

మిత్రులు కత్తిరించి దాచుకోవడానికి వీలుగా నాకు తెలిసినంతలో క్రింద వ్రాస్తున్నాను. టోకెన్ ఇవ్వకముందే ఇవి అడగాలి. ఇచ్చాక అడిగితే మనసు మంచి జవాబులే వింటుంది.

1. భూమి ఎవరిది, ఏ రకానిది? ఖాస్రా పహాణీ నుంచి నేటి వరకు రికార్డు చూడాలి. పట్టాదారు పేరుతోపాటు భూమి వర్గీకరణ గడి కూడా చదవాలి. అసైన్డు భూమి అమ్మకం 1977 చట్టం క్రింద చెల్లదు. రిజిస్ట్రేషన్ చట్టం 22–ఏ నిషేధిత జాబితాలో సర్వే నంబరు ఉన్నదేమో చూడాలి. బొంతపల్లి 2016 అక్టోబరు 11కు ముందు మెదక్ జిల్లా జిన్నారం మండలం, ఆ తరువాత సంగారెడ్డి జిల్లా గుమ్మడిదల మండలం. పాత కాగితాలు పాత పేరుతోనే వెదకాలి.

2. మాస్టర్ ప్లానులో రంగు ఏమిటి? సర్వే నంబరు ఇచ్చి భూవినియోగ ధ్రువపత్రం తీసుకోవాలి. ఏజెంటు ఫోనులో చూపించే నక్షా చాలదు.

3. లేఅవుటుకు అనుమతి ఎవరిచ్చారు? నంబరు, తేదీ వ్రాసుకొని ఇచ్చిన కార్యాలయంలోనే సరిచూడాలి. నాలా మార్పిడి అయిందంటారు. 2006 చట్టం ప్రకారం అది వ్యవసాయ భూమిని వ్యవసాయేతరంగా మార్చడం మాత్రమే, లేఅవుటు అనుమతి కాదు. 500 చదరపు మీటర్లు మించిన లేఅవుటు అయితే 2016 చట్టం ప్రకారం రెరా నమోదు కూడా అడగాలి.

4. నీళ్లు ఎక్కడిదాకా వస్తాయి? నీటిపారుదల శాఖ నక్షా చూడాలి. వానాకాలంలో ఒకసారి స్వయంగా పోవాలి. ఊళ్లో ముసలివారిని అడగాలి.

5. చుట్టుపక్కల ఏమి రాబోతున్నది? రింగురోడ్డు, హైటెన్షన్ లైను, పరిశ్రమ, చెత్త యార్డు. 2025 ఫిబ్రవరిలో గుమ్మడిదల మండలం ప్యారానగర్ దగ్గర చెత్త డంపింగు యార్డు పనులు మొదలైతే ఆ చుట్టుపక్కల ఊళ్ల జనం రోడ్డెక్కారు. ముందే అక్కడ ఇల్లు కట్టుకున్నవారి గతి ఆలోచించండి.

6. ఇల్లు కట్టడానికి అనుమతి వస్తుందా? 2020 నాటి టి.ఎస్. బీపాస్ చట్టం చిన్న ఇండ్లకు పని సులువు చేసింది. స్వీయ ధ్రువీకరణ చాలునన్నది. కాని మనం సంతకం పెట్టి చెప్పింది తప్పయితే నోటీసు లేకుండానే కూల్చే అధికారం కూడా అందులోనే ఉన్నది. సులువైన కొద్దీ బాధ్యత మన మీద పడింది.

ఇవన్నీ తిరగడానికి నెల పట్టవచ్చు. కొన్ని వందలో వేలో ఖర్చు కావచ్చు. పెన్షనర్లకు డబ్బు తక్కువ ఉన్నా తీరిక ఉన్నది. కార్యాలయాలలో ఎట్లా అడగాలో మనకు తెలుసు, మనం అటు టేబులు దగ్గర కూర్చున్నవాళ్లమే. పిల్లలకు మనం ఇవ్వగలిగిన సాయం ఇదే.

ట్రంకు పెట్టెలో దస్తావేజు

2021లో మా అల్లుడు, అమ్మాయి వేరొకచోట అనుమతి ఉన్న లేఅవుటులో 150 గజాలు కొన్నారు. మొదట చూసినదానికంటె చిన్నది, ధర ఎక్కువ. 2023లో ఇల్లు పూర్తయింది. ముందుగదిలో కూర్చొని ఈ వ్యాసం వ్రాస్తున్నాను. వాకిట్లో తులసికోట ఉన్నది. మామిడి చెట్టుకు జాగా సరిపోలేదు.

నా 200 గజాలు ఇప్పటికీ నా పేరునే ఉన్నాయి. దస్తావేజు ట్రంకు పెట్టెలో ఉన్నది. కొంటామని ఇద్దరు ముగ్గురు వచ్చారు. లక్షలలో మాట్లాడారు. ఇది శిఖం, ఇల్లు రాదని చెప్పాను. ఒకాయన, "మీరు చెప్పకపోతే ఎవరికి తెలుస్తది సారు?" అన్నాడు. మా ఆవిడ గాజులు అందులో ఉన్నాయి. మరొకరి ఇల్లాలి గాజులు కూడా అందులో పోవడం నాకు ఇష్టం లేదు. అమ్మలేదు.

నన్ను అడిగిన మిత్రునికి జవాబు ఇది. రిజిస్ట్రేషన్ అవుతుందంటే హక్కు మారుతుందని అర్థం. ఇ.సి. సాఫ్‌గా ఉన్నదంటే అప్పు లేదని అర్థం. ఇల్లు వస్తుందా లేదా అన్నది ఆ రెండింటిలోనూ వ్రాసి ఉండదు. మంగళవారం నాకు ఏ పనీ లేదు. సర్వే నంబరు తీసుకొని రా. ఇద్దరం కలిసి పోదాం. ముందు చెరువు కట్ట మీదికి, తరువాత కార్యాలయాలకు.